సముద్రం ఆ ఒడ్డున మనవాళ్ళ మహానగరం
పేరు నాయుడు, రెడ్డి... మాట మాత్రం ఇంగ్లీషు! - డర్బన్ చూసి వచ్చిన మాస్టారు చెప్పిన విశేషాలు

శ్రీకాకుళం: సముద్రం ఈ జిల్లా వారికి కొత్త కాదు. సముద్రం దాటి పోవడమూ కొత్త కాదు. రంగం వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకొచ్చిన తాతల కథలు తీరం వెంట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. రంగం పోయినవారిలో చాలామంది తిరిగి వచ్చారు. కాని అంతకంటె దూరం, ఆఫ్రికా ఖండపు దక్షిణ కొసన ఉన్న నేటాల్‌కు పోయినవారిలో ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. వారు ఓడ దిగిన రేవు పేరే డర్బన్. నేడది దక్షిణాఫ్రికాలోని పెద్ద నగరాల్లో ఒకటి. నగరపాలక సంస్థ పరిధిలో 40 లక్షల పైచిలుకు జనం. రేయింబవళ్ళు ఓడలతో కిటకిటలాడే రేవు, మైళ్ళ పొడవున ఇసుక తిన్నెలు, ఏడాదంతా యాత్రికులు.

ఇటీవల ఆ నగరం చూసి వచ్చారు ఈ ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడొకరు. ఆయన వెళ్ళింది విహారానికి మాత్రమే కాదు. ఆయన తాతగారి పెదనాన్న వయసులో ఉండగా నేటాల్ పోయాడు. మరి రాలేదు, ఉత్తరమూ రాలేదు. ఆయన ఎప్పుడు కన్నుమూసిందీ తెలియదు గనుక, తిథి తెలియని వారందరితో పాటు మహాలయ అమావాస్యనాడు ఆయన పేరు కూడా తలుచుకుని ఇంట్లో పిండం పెడుతూ వచ్చారు. ఆ మనిషి జాడ ఏమైనా దొరుకుతుందేమోనన్న ఆశతోనే మాస్టారు విమానం ఎక్కారు.

ఎండ ఉత్తరాన, చలి జూన్‌లో

దిగగానే మాస్టారిని తికమక పెట్టింది సూర్యుడు. డర్బన్ భూమధ్యరేఖకు బాగా దక్షిణంగా ఉంది. మనకు చలికాలంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి ఒరిగినట్టే అక్కడ ఏడాది పొడవునా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. నీడ దక్షిణం వైపు పడుతుంది. దిక్కులు పోల్చుకోవడానికే రెండు రోజులు పట్టిందని ఆయన చెప్పారు. ఋతువులూ తలకిందులే. మనం ఎండలతో వేగి తొలకరి కోసం చూసే జూన్ నెల వారికి చలికాలం. సంక్రాంతి నాటికి అక్కడ నడి వేసవి. గడియారం మనకంటె మూడున్నర గంటలు వెనక.

విమానాశ్రయం నగరానికి ఉత్తరాన ఉంది. 2010లో ప్రారంభమైన దీనికి జులూ రాజు షాకా పేరు పెట్టారు. అక్కడినుంచి నగరానికి వచ్చే దారిలో కొండవాలుల మీద చెరకు తోటలు కనిపిస్తాయి. వాహనాలు మనలాగే ఎడమ పక్కన పోతాయి. దారి పక్కన నిలబడిన జనం వేళ్ళతో ఏవో సైగలు చేస్తుంటే ఎవరిని పిలుస్తున్నారోనని మాస్టారు అనుకున్నారు. తీరా అవి చిన్న వ్యాన్లకు చూపే గుర్తులట. ఒక్కో సైగకు ఒక్కో ఊరు. ఆ సైగ చూసి, అటు పోయే బండి ఆగుతుంది. మన షేరు ఆటోల్లాగే అవి కిక్కిరిసి, పాటలతో హోరెత్తుతూ పోతుంటాయి.

అక్కడి జులూ భాషలో పలకరింపు విచిత్రం. ‘సనిబొనాని’ అంటారు. ‘మిమ్మల్ని చూస్తున్నాం’ అని దానికి అర్థం. ఎదుటి మనిషిని చూసినట్టు ఒప్పుకోవడమే వారికి నమస్కారం. ఇంతకంటె మంచి పలకరింపు ఏముంటుందని మాస్టారు అభిప్రాయపడ్డారు.

కొమ్ముల కిరీటాల రిక్షావాలాలు

నగరానికి ప్రాణం సముద్రతీరం. ఒడ్డు వెంట ఎనిమిది కిలోమీటర్ల చిల్లర పొడవున చదునైన నడక బాట ఉంది. తెల్లవారకుండానే పరుగులు తీసేవారు, సైకిళ్ళు తొక్కేవారు, మనవల చెయ్యి పట్టుకుని నడిచే ముసలివారు అక్కడ కనిపిస్తారు. నల్లవారు, తెల్లవారు, మన భారతీయులు అందరూ ఒకే బాట మీద. కుర్రకారు పలకలు చంకన పెట్టుకుని నీళ్ళలోకి పోయి, అలల మీద నిలబడి ఒడ్డుకు జారివస్తారు. ఇసుకతో సింహాలు, మొసళ్ళు, కోటలు చేసి పక్కన డబ్బా పెట్టుకుని కూర్చునే కళాకారులూ ఉన్నారు. నచ్చినవారు చిల్లర వేసి పోతారు.

చూపరులను బాగా ఆకట్టుకునేది అక్కడి రిక్షా. మనిషి లాగే రిక్షాలే. లాగేవారు జులూలు. తలమీద ఎద్దు కొమ్ములు, ఈకలు, పూసలతో అల్లిన పెద్ద కిరీటం. ఒంటినిండా రంగురంగుల పూసల వేషం. పరుగెత్తుతూ ఒక్కసారి గాలిలోకి ఎగిరితే రిక్షా వెనక్కి ఒరుగుతుంది, ఎక్కినవారు కెవ్వుమంటారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఈ నగరంలో వేల రిక్షాలు తిరిగేవి. అప్పుడవి బతుకుతెరువు బండ్లు. ఇప్పుడు తీరం మీద యాత్రికుల కోసం ఏవో కొన్ని మిగిలాయి. వేషం ఎంత అందంగా ఉన్నా లాగేవాడి చెమట చూస్తే ఎక్కబుద్ధి కాలేదనీ, ఫోటోకు మాత్రం డబ్బులిచ్చి వచ్చేశాననీ మాస్టారు చెప్పారు.

ఈ సముద్రంలో సొరలు ఎక్కువ. స్నానాలు చేసేవారిని కాపాడేందుకు 1952 నుంచి ఒడ్డుకు కొంత దూరాన నీళ్ళలో వలలు కట్టారు. కాగా జూన్, జూలై నెలల్లో మరో వేడుక ఉంటుంది. దక్షిణాన చల్లని నీళ్ళలో ఉండే కవళ్ళ జాతి చేపలు కోట్లాదిగా గుంపులు కట్టి ఒడ్డు పక్కనుంచి ఉత్తరానికి వస్తాయి. వాటి వెంట సొరలు, డాల్ఫిన్లు, పైన పక్షులు. గుంపు ఒడ్డుకు చేరువైందని కబురు తెలిస్తే చాలు, జనం బుట్టలు, బకెట్లు పట్టుకుని పరుగెడతారు. వేటగాళ్ళు పడవతో వల చుట్టి, ఒడ్డున నిలబడి లాగుతారు. చెప్పింది విన్న మన మత్స్యకారులు ‘అది మన పెద్దవలే కదా’ అనడం సహజం. నిజానికి కూలి గడువు తీరాక మన తూర్పు తీరం మనుషులు కొందరు డర్బన్ రేవులో వలలు వేసుకునే బతికారు.

ఒకనాటి బోర్డులు

నేడు అందరూ కలిసి తిరిగే ఈ ఇసుక మీద మొన్నమొన్నటి దాకా గీతలుండేవి. 1953లో చేసిన ఒక చట్టం తెల్లవారికి, ఇతరులకు వేర్వేరు చోట్లు కేటాయించింది. బస్సులు, బల్లలు, పార్కులు, చివరకు సముద్రం కూడా పంచారు. మంచి తీరాలన్నీ తెల్లవారివి. ఇతరులు దిగరాదని బోర్డులు పాతారు. భారతీయులకు ఒక ముక్క, ఆఫ్రికన్లకు మరో ముక్క. 1950 నాటి మరో చట్టంతో ఇళ్ళూ అలాగే విడదీశారు. నగరంలో స్థిరపడిన భారతీయులను ఖాళీ చేయించి ఛాట్స్‌వర్త్, ఫీనిక్స్ అనే శివారు కాలనీలకు తరలించారు.

తీరాలను 1989లో అందరికీ తెరిచారు. మరుసటి ఏడాది చట్టమే రద్దయింది. 1994 ఏప్రిల్ 27న జాతి భేదం లేకుండా అందరూ ఓటు వేసిన తొలి ఎన్నిక జరిగింది. నెల్సన్ మండేలా ఆ రోజు ఓటు వేసింది డర్బన్ పక్కనున్న ఇనాండాలోని ఒక పాఠశాలలోనే. నేడు యాభై దాటినవారెవరిని కదిపినా, చిన్నప్పుడు దూరం నుంచి చూసిన అలల గురించి చెబుతారని మాస్టారు అన్నారు.

‘అత్తగారి’ కారం, గుల్ల రొట్టె

పాత నగరంలో మన యాత్రికునికి ఇల్లు గుర్తుకొచ్చేది విక్టోరియా స్ట్రీట్ మార్కెట్ దగ్గర. మొదటి మార్కెట్ 1973లో కాలిపోగా, తర్వాత కొత్త భవనం కట్టారు. లోపల అడుగు పెడితే మిరప ఘాటుకు తుమ్ములే. పళ్ళాల్లో ఎర్రగా, పచ్చగా కారం పొడులు గోపురాల్లా పోసి ఉంటాయి. ఒక్కో పొడికి ఒక పేరు. బాగా ఘాటైన దానికి ‘అత్తగారిని మట్టుబెట్టే మసాలా’ అని పేరు పెట్టి అమ్ముతారు! యాత్రికులు నవ్వుకుంటూ కొనుక్కుపోతారు. దగ్గరలోనే ఆఫ్రికన్ నాటు వైద్యుల వేళ్ళు, చెక్కలు అమ్మే బజారు, పెద్ద జుమ్మా మసీదు, దాని చుట్టూ గుజరాతీ దుకాణాలు ఉన్నాయి.

ఊరి పేరు చెప్పగానే అందరూ చెప్పే తిండి ‘బన్నీ చౌ’. రొట్టె దిమ్మను కోసి, మధ్యలో మెత్తని భాగం తీసి, ఆ గుంటలో వేడివేడి కూర నింపి ఇస్తారు. మాంసం కూర కావచ్చు, చిక్కుడు గింజల కూర కావచ్చు. పావు, అర, పూర్తి అని కొలత. చెంచాలు అడిగితే నవ్వుతారు, చేత్తోనే తినాలి. హోటళ్ళలో నల్లవారు కూర్చుని తినడానికి వీల్లేని రోజుల్లో, గిన్నె అక్కరలేకుండా చేతికిచ్చేందుకు ఇది పుట్టిందని ఒక కథ చెబుతారు. అక్కడి బిర్యానీలో పప్పు, బంగాళాదుంప కూడా పడతాయి. కూర రుచి మాత్రం మనదేనట. ‘దాలింపు వాసనకు నూట అరవై ఏళ్ళయినా జంకు లేదు. భాషే పోయింది’ అన్నారు మాస్టారు.

నాయుడుగారికి తెలుగు రాదు

నగరంలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు భారత సంతతివారు. దుకాణాల బోర్డుల మీద, డాక్టర్ల తలుపుల మీద నాయుడు, రెడ్డి, చెట్టి, రావు అన్న పేర్లు చూసి మాస్టారు ఎంతో సంబరపడ్డారు. ఆగి తెలుగులో పలకరిస్తే వారు మర్యాదగా నవ్వి ఇంగ్లీషులో బదులిచ్చారు. కూలీలను రాసుకున్న గుమాస్తాలు మన ఇంటిపేర్లు పట్టించుకోలేదు. మనిషి పేరునో, కులం పేరునో రాసుకున్నారు. తర్వాతి తరాలకు అదే ఇంటిపేరైంది. ఒకే ఇంటి అన్నదమ్ములు వేర్వేరు పేర్లతో రెండు వంశాలుగా విడిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

భాషను నిలుపుకోవాలని అక్కడివారు పాటుపడకపోలేదు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది జరుపుకున్నారు. భజనలు, కోలాటాలు పిల్లలకు నేర్పారు. అయితే బడిలో ఇంగ్లీషు, పనిలో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలివారు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒక గుడిలో కలిసిన ముసలమ్మ మాస్టారిని చూసి ‘రా, కూర్చో, అన్నం, నీళ్ళు’ అని నాలుగు మాటలు చెప్పి, అంతకు మించి రావని చేతులు తిప్పిందట. ఆ నాలుగు మాటలతోనే ఒక ఇంటికి అతిథిని పిలవవచ్చు కదా అన్నారు మాస్టారు.

పది షిల్లింగుల జీతం

నేటాల్‌లో తెల్లదొరలు చెరకు వేశారు. స్థానిక జులూలకు సొంత భూములు, పశువులు ఉండగా దొర తోటలో కూలికి పోవలసిన అగత్యం లేదు. దాంతో అప్పటి తెల్లదొరల ప్రభుత్వం మనదేశం వైపు చూసింది. 1860 అక్టోబర్‌లో మద్రాసు రేవులో 342 మందితో బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ నవంబర్ 16న డర్బన్ చేరింది. అదే మొదటిది. 1911లో ఈ రవాణా ఆపేనాటికి లక్షా 52 వేల పైచిలుకు మంది చేరారు. వీరిలో మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారు వేలాదిగా అందులో ఉన్నారు.

ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. తిండి గింజలు, పాక దొరవే. సెలవు చీటీ లేకుండా తోట దాటితే జైలు. పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. గడువు తీరాక అక్కడే ఉండి కూరగాయలు పండించుకుంటూ, గంపనెత్తి అమ్ముకుంటూ బతుకుదామనుకున్న వారి మీద, మళ్ళీ ఒప్పందానికి లొంగేలా, 1895లో తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను చట్టం తెచ్చారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది కూలి లెక్కన అది ఆరు నెలల జీతం. 1913లో వేలాది కూలీలు, వారిలో ఆడవారు కూడా, పని మాని రోడ్డెక్కారు. మరుసటి ఏడాది ఆ పన్ను పోయింది.

గాంధీగారిని కాపాడిన గొడుగు

ఆ సమ్మెకు నాయకుడు గాంధీ. 1893 మే నెలలో ఒక వ్యాపారి దావా పని మీద డర్బన్ రేవులో దిగిన యువ బారిస్టరు ఆయన. జూన్ 7న పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో మొదటి తరగతి పెట్టె నుంచి ఆయనను దింపివేసిన సంగతి బడి పిల్లలకూ తెలుసు. అంతగా తెలియని సంగతి మరొకటి ఉంది. 1897 జనవరిలో గాంధీ మనదేశం నుంచి తిరిగి వచ్చి ఓడ దిగగానే తెల్లవారి గుంపు చుట్టుముట్టి రాళ్ళు, గుడ్లు విసిరి కొట్టింది. అటుగా వెళుతున్న పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ భార్య తన గొడుగు తెరిచి, గుంపుకూ ఆయనకూ మధ్య నిలబడింది. ఆమె కూడా తెల్లదొరసానే. తనను కొట్టినవారి మీద కేసు పెట్టనని గాంధీ చెప్పారు. నగరానికి కొద్ది దూరంలో 1904లో ఆయన నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమాన్ని 1985 అల్లర్లలో తగలబెట్టగా, తిరిగి కట్టి 2000లో తెరిచారు.

పట్టీలో పేరు

మాస్టారి అసలు పని చివరికి పాత కాగితాల దగ్గరికి వచ్చింది. ఓడ దిగిన ప్రతి కూలీకి ఒక నెంబరు ఇచ్చారు. ఆ నెంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తు, ఎక్కిన ఓడ రాసి ఉంచారు. మనుషులను సరుకులా లెక్కించడానికి రాసిన ఆ పట్టీలే ఇప్పుడు బంధువులను కలిపే ఆధారాలయ్యాయి. డర్బన్‌లో పురావస్తు పత్రాల కార్యాలయంలో ఇవి ఉన్నాయి. కంప్యూటర్‌లో వెతికే వీలూ వచ్చింది. నగరంలో 1860 హెరిటేజ్ సెంటర్ అనే ప్రదర్శనశాల ఈ చరిత్రనంతా చూపుతుంది.

చిక్కేమిటంటే, పేర్లు రాసింది ఇంగ్లీషు చెవితో. అప్పన్న, రామన్న, సూరి లాంటి పేర్లు పది రకాలుగా ఉన్నాయి. ఊరి పేరైతే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, దొరలు దాన్ని ‘చికాకోల్’ అనేవారు. ఈ పేరుతో వెతకకపోతే మనవారు కనిపించరు. మాస్టారు అలా వెతకగా పెదతాత పేరుగలవారు ఒకరు కాదు, పలువురు కనిపించారు. వారిలో తమవాడెవరో తేల్చాలంటే తండ్రి పేరు కావాలి. ఇంట్లో అందరూ ‘పెదతాత’ అనే తప్ప ఆయన తండ్రి పేరు ఎప్పుడూ అనుకోలేదు. ఏ ఏట వెళ్ళిందీ తెలియదు. నాలుగు నెంబర్లు కాగితం మీద రాసుకుని మాస్టారు తిరిగి వచ్చారు. ఇప్పుడు పాత పట్టాలు, దస్తావేజులు తిరగేస్తున్నారు.

అంతా తళుకే కాదు

డర్బన్‌లో అన్నీ బాగున్నాయని ఆయన చెప్పలేదు. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగవద్దని హోటలు వారే హెచ్చరిస్తారు. ఇళ్ళ గోడల మీద విద్యుత్తు తీగలు కనిపిస్తాయి. పనిలేని యువకులు ఎక్కువ. ఆఫ్రికన్లకు, భారతీయులకు మధ్య ఎప్పుడూ సఖ్యతే లేదు. 1949 జనవరి అల్లర్లలో 142 మంది చనిపోయారు. 2021 జూలైలో దోపిడీలు, దహనాలు చెలరేగినప్పుడు ఫీనిక్స్ కాలనీలో ముప్పై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు. ఆ గాయం మానడానికి కాలం పడుతుందని రెండు పక్షాల వారూ మాస్టారితో అన్నారు. 2022 ఏప్రిల్ వరదల్లో ఆ ప్రాంతంలో నాలుగు వందల మందికి పైగా మరణించారు. మురుగు కాలువలు తెగి సముద్రంలో కలవడంతో కొన్ని తీరాల్లో స్నానాలు నిలిపివేయవలసి వచ్చింది. ఒకప్పుడు బోర్డులు ఆపిన సముద్రాన్ని ఈసారి మురుగు ఆపింది.

అయినా తెల్లవారితే అదే బాట మీద జనం, అదే అలల మీద పిల్లలు. మళ్ళీ వెళతారా అని అడిగితే, తండ్రి పేరు దొరికిన మర్నాడే వెళతానని మాస్టారు బదులిచ్చారు.

ఇంట్లో అడిగి రాసిపెట్టుకోండి

నేటాల్ పోయినవారున్న కుటుంబాలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. వెతకాలనుకునేవారు ముందుగా వెళ్ళవలసింది డర్బన్‌కు కాదు, ఇంట్లో పెద్దవారి దగ్గరికి. పోయినవారి పేరు, వారి తండ్రి పేరు, ఊరి పాత పేరు, అప్పటి తాలూకా, జిల్లా, సుమారుగా పోయిన కాలం, ఏ కరువు ముందో, ఏ తుపాను తర్వాతో, కూడా ఎవరెవరు పోయారో అడిగి కాగితం మీద పెట్టుకోవాలి. మొహం మీద మచ్చ, చేతి మీద పచ్చబొట్టు ఉన్నట్టు ఎవరైనా చెప్పుకునేవారా అన్నది కూడా అడగాలి. ఓడ పట్టీలో అది కూడా రాసి ఉండవచ్చు. ఆ సంగతులు తెలిసినవారు ప్రతి ఊళ్ళోనూ తొంభై ఏళ్ళ వయసులో అరుగు మీద కూర్చుని ఉన్నారు. వారు ఉండగానే అడగడం మంచిది.